రోల్ టేబుల్ గీసే ముందు: సౌజన్యకు ఉత్తరం

చిరంజీవి సౌజన్యకు, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆసుపత్రి డేటాబేస్ మోడల్ చూశాను. పేషెంట్, డాక్టర్, రక్తదాత, ట్రయల్ సబ్జెక్ట్ (మందుల పరీక్షలో పాల్గొనే మనిషి) అని నాలుగు టేబుళ్లు పెట్టావు. నాలుగింట్లోనూ పేరు, పుట్టినతేదీ, ఫోన్, బ్లడ్ గ్రూప్. గీయడం శుభ్రంగానే గీశావు. కానీ మీ ఆసుపత్రి డాక్టరమ్మే ఒకసారి రక్తమిచ్చి, మరో ఏడాది అక్కడే ఆపరేషన్‌కు చేరిందనుకో, ఆవిడ మీ డేటాబేస్‌లో ముగ్గురు మనుషులైపోతుంది. ఫోన్ ఒకచోట మారుతుంది, మిగతా రెండుచోట్ల పాతదే పడి ఉంటుంది. బ్లడ్ గ్రూప్ ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకోటి పడిందంటే అది ఫోన్ నంబర్ గొడవతో పోయేది కాదు.

అందుకని టేబుళ్లు పక్కనపెట్టి, ముందు నీ స్పెసిఫికేషన్లో ఉన్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఒక్కోదాన్ని రెండు ప్రశ్నలు అడుగు. ఆ పని మానేసినా ఆ మనిషి, ఆ వస్తువు అలాగే ఉంటుందా? ఆ పని ఇంకెవరితోనో, దేనితోనో ఉన్న సంబంధం వల్లే వచ్చిందా? రెంటికీ అవునని వస్తే అది రోల్, అంటే పాత్ర. ఒకడే మనిషి ఒకరికి బాబాయి, ఇంకొకరికి మామయ్య. ఎదుటివాళ్లు లేకుండా రెండూ లేవు. రక్తదాత అంటే ఫలానా బ్లడ్ బ్యాంకుకు దాత, సబ్జెక్ట్ అంటే ఫలానా ట్రయల్‌కు సబ్జెక్ట్. అదే ‘పిల్లవాడు’ అన్నది మొదటి ప్రశ్న దాటుతుంది, రెండోదాని దగ్గర ఆగిపోతుంది. అది వయసు, పుట్టినతేదీ నుంచి లెక్కేసుకోవాలి తప్ప దానికి టేబుల్ అక్కర్లేదు. ‘డిశ్చార్జ్ అయిన పేషెంట్’ కూడా కొత్త రోల్ కాదు, ఆ అడ్మిషన్ స్టేటస్ మాత్రమే. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: స్టేటస్ మారినప్పుడల్లా ఒక రోల్ పుట్టించి, ఏడాది తిరిగేసరికి నలభై రోల్స్ పోగేస్తారు.

ఇక కట్టడం. మనుషులకూ సంస్థలకూ కలిపి ‘పార్టీ’ అని ఒక టేబుల్. రోల్ రకాలకు ఒకటి. మూడోది అసలైనది: రోల్ ఐడీ, ఏ పార్టీ, ఏ రకం, ఎవరి దగ్గర, ఎప్పటినుంచి, ఎప్పటివరకు. ఒక్కో రకానికి ప్రత్యేకంగా ఉండే సమాచారానికి విడి టేబుల్ పెట్టి దాన్ని రోల్ ఐడీకి కట్టు, పార్టీ ఐడీకి కాదు. పుట్టినతేదీ, బ్లడ్ గ్రూప్ పార్టీ దగ్గర. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ డాక్టరుగా ఉన్న రోల్ దగ్గర. కన్సల్టేషన్ ఫీజు ‘ఈ ఆసుపత్రిలో కన్సల్టెంట్’ అనే రోల్ దగ్గర, ఎందుకంటే పక్క ఆసుపత్రిలో అదే డాక్టరు ఫీజు వేరు.

పార్టీ, రోల్ రకం ఈ రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించేది) చేయకు. ఒకే మనిషి ఒకే రోల్‌ని ఒకే సమయంలో రెండుచోట్ల చేయొచ్చు, మానేసి మళ్లీ రావొచ్చు. ఫ్రీడ్రిక్ స్టైమాన్ అనే కంప్యూటర్ పరిశోధకుడు 2000లో రోల్స్ లక్షణాలు పదిహేను పోగుచేసి రాసినప్పుడు వాటిలో ఇదీ ఒకటి. చాలామంది దీన్ని ప్రొడక్షన్‌కు వెళ్లాకే తెలుసుకుంటారు. ‘ఎప్పటివరకు’ తేదీ ఆ రోజును కలుపుకోదని ఇప్పుడే తేల్చుకో. అలా తేల్చాక ఒక రోల్ ముగింపు 31, తర్వాతిదాని మొదలు 1 అని రాస్తే 31 రాత్రి డ్యూటీలో జరిగింది ఎవరి ఖాతాలోనూ పడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నావు కాబట్టి డేట్‌రేంజ్ కాలమ్ పెట్టి, పార్టీ, రకం, చోటు మూడూ ఒకటే అయినప్పుడు తేదీలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ వేసెయ్. అప్లికేషన్ కోడ్‌లో చెక్ చేస్తాంలే అనుకోవద్దు, ఎక్సెల్ నుంచి ఎక్కించేవాడు నీ కోడ్ గుండా రాడు.

జావా కోడ్‌లో పర్సన్ క్లాస్ నుంచి పేషెంట్, డాక్టర్ అని వారసత్వంతో తీశావు. నడుస్తున్న ప్రోగ్రాంలో ఆబ్జెక్ట్ తన క్లాస్ మార్చుకోలేదు. డాక్టరు పేషెంట్ కావాలంటే కొత్త ఆబ్జెక్ట్ పుట్టించి పాత సమాచారం కాపీ కొట్టాలి, అంటే మళ్లీ ఇద్దరు మనుషులు. పర్సన్‌ని ఒంటరిగా ఉంచి, దానికి రోల్స్ లిస్టు తగిలించు.

రోల్ వేరు, ఒక్క పనిలో పాల్గొనడం వేరు. ఆసుపత్రుల సమాచార మార్పిడి ప్రమాణమైన హెచ్‌ఎల్7 వెర్షన్ 3 మోడల్‌లో ఎంటిటీ, రోల్, పార్టిసిపేషన్, యాక్ట్ అని నాలుగు మెట్లు అందుకే పెట్టారు. ఆ డాక్టరమ్మ ఎంటిటీ. మీ ఆసుపత్రిలో సర్జన్ అన్నది రోల్. నిన్నటి అపెండిక్స్ ఆపరేషన్ యాక్ట్. అందులో ఆవిడ అసిస్టెంట్‌గా నిలబడింది పార్టిసిపేషన్. ‘నిన్నటి అసిస్టెంట్’ని రోల్ టేబుల్లో వేశావంటే రోజుకు వందల వరుసలు పడతాయి, ఎవరు ఉద్యోగంలో ఉన్నారో తెలియదు. హెచ్‌ఎల్7 వాళ్ల కొత్త ప్రమాణం ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లోనూ ప్రాక్టీషనర్, ప్రాక్టీషనర్‌రోల్ విడివిడి రిసోర్సులు. తేదీలు, సంస్థ, స్పెషాలిటీ రెండోదాంట్లో ఉంటాయి. మీరు బయటికి డేటా పంపేది ఆ రూపంలోనే కాబట్టి నీ టేబుళ్లు దానికి సూటిగా సరిపోతాయి.

ఇప్పుడు నీకు సంబంధం లేదనిపించే సంగతి ఒకటి, ప్లాంటు వాళ్ల దగ్గర్నుంచి. రిఫైనరీలో పి-101ఏ అని పైపు పక్కన బోర్డు ఉంటుంది. అది పంపు పేరు కాదు, పంపు నిలబడే చోటు పేరు. పంపుకు దాని నేమ్‌ప్లేట్ మీద సీరియల్ నంబర్ వేరే ఉంటుంది. రిపేరుకు తీసినప్పుడు ఆ చోట స్టోర్లోంచి ఇంకో పంపు బిగిస్తారు. బాగైన పాతది మరోచోటికి పోతుంది. కంపెనీలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్స్ భాగంలో చోటును ఫంక్షనల్ లొకేషన్ అనీ, పంపును ఎక్విప్‌మెంట్ అనీ విడదీస్తారు. ఐఈసీ 81346 ప్రమాణంలో పనికి సమానం గుర్తు, వస్తువుకు మైనస్, స్థలానికి ప్లస్ పెట్టి కోడ్ రాస్తారు.

ఏది ఎక్కడ రాయాలన్నదే కిటుకు. కావలసిన ఫ్లో, సక్షన్ ప్రెషర్, వైబ్రేషన్ అలారం హద్దు చోటువి. ఇంపెల్లర్ వ్యాసం, తయారీ సంవత్సరం, మొత్తం తిరిగిన గంటలు పంపువి. బిగించిన తేదీ, తీసిన తేదీ, తీసినప్పటి మీటర్ రీడింగ్ రెండింటి మధ్యనున్న వరుసవి. ఇవి కలిసిపోతే ఏమవుతుందో చూడు. మెకానికల్ సీల్ (పంపు షాఫ్ట్ దగ్గర లీకు ఆపేది) పోయిన రికార్డులన్నీ చోటు పేరు మీదే రాశారనుకో. షాఫ్ట్ వంగిన పంపు ఒకటి మూడు చోట్లకు తిరిగి మూడుచోట్లా సీలు పోగొడితే, ఒక్కో చోట ఒక్కసారే పోయినట్టు కనిపిస్తుంది, ఎవరూ అనుమానించరు. రికార్డులన్నీ పంపు సీరియల్ మీదే రాస్తే ఇది దొరుకుతుంది కానీ దీనికి తిరగబడ్డది దొరకదు: ఒకే చోట మూడు వేర్వేరు పంపుల సీళ్లు వరసగా పోతున్నాయంటే తప్పు పంపులది కాదు, అక్కడి స్ట్రెయినర్ (వడపోత జల్లెడ) మూసుకుపోయి సక్షన్ చాలకపోవడమో, పైపు లాగుడు వల్ల అలైన్‌మెంట్ చెడడమో అయ్యుంటుంది. మధ్య వరుస ఉంటే ఒకే క్వెరీని రెండువైపుల నుంచీ గ్రూప్ చేసి రెండు జబ్బులూ పట్టుకోవచ్చు. మీ ఐసీయూలో ఏడో బెడ్, దాని పక్కన వెంటిలేటర్ కూడా ఇంతే. అలారాలు బెడ్ దగ్గరే ఎక్కువా, ఆ మెషీన్‌కే ఎక్కువా అని బయోమెడికల్ ఇంజనీరు అడిగిన రోజు నీ దగ్గర జవాబుండాలి. రెండు పంపుల్లో ఈ వారం ఏది డ్యూటీ, ఏది స్టాండ్‌బై అన్నది మాత్రం మాస్టర్ డేటాలో (స్థిరంగా ఉండే వివరాల్లో) వేయకు, అది లాగ్‌బుక్ సంగతి.

అకౌంట్స్ వాళ్లతో తగువు తక్కువే. మీకు మందులు సరఫరా చేసే డిస్ట్రిబ్యూటరే తన ఉద్యోగులను హెల్త్ చెకప్‌లకు మీ దగ్గరికి పంపుతాడు. అతను వెండరూ, కస్టమరూ. ఎస్‌ఏపీ వాళ్ల ఎస్/4హానాలో బిజినెస్ పార్ట్‌నర్ అని ఒకటే రికార్డు పెట్టి రోల్స్ తగిలించేది ఇందుకే. పాన్ పార్టీది. జీఎస్టీ నంబర్ అలా కాదు, రాష్ట్రానికొకటి: పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, తర్వాతి పది పాన్. పార్టీ టేబుల్లో జీఎస్టీ నంబర్‌కు ఒకే కాలమ్ పెడితే హైదరాబాద్, విజయవాడ బిల్లుల్లో ఏదో ఒకటి తప్పు నంబర్‌తో పోతుంది. క్రెడిట్ లిమిట్ కస్టమర్ రోల్ దగ్గర పెట్టు, చెల్లింపు గడువు రెండు రోల్స్ దగ్గరా విడివిడిగా.

మందుల దగ్గరికి వస్తే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది, కాబట్టి నిదానంగా చదువు. మెథోట్రెక్సేట్ ఒకటే అణువు. రసాయనాల డేటాబేస్ కీబీ (ChEBI)లో రసాయనం ఒకచోట, దాని రోల్స్ మరోచోట పెట్టి ‘హ్యాజ్ రోల్’ అనే సంబంధంతో కలుపుతారు. దీనికి క్యాన్సర్ మందుగా ఒక రోల్, రుమటాయిడ్ మందుగా ఇంకొకటి ఉంటాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మామూలుగా వారానికి ఒక్కసారి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమాలో శరీర వైశాల్యం చదరపు మీటరుకు 12 గ్రాములు, విషప్రభావాన్ని తగ్గించే ల్యూకోవోరిన్ మందు రక్షణతో. గరిష్ఠ డోసును మందు రికార్డులో ఒకే అంకెగా రాశావంటే పెద్ద అంకే రాయాలి. అప్పుడు కీళ్ల పేషెంట్‌కు వారానికి బదులు రోజూ అని ఎవరో రాసినా అలారం మోగదు. రోజూ వేసుకుని చనిపోయిన కేసులు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. డోసు హద్దు, ఎన్నాళ్లకోసారి అన్నది, ‘ఈ జబ్బుకు ఈ మందు’ అన్న వరుసలోనే ఉండాలి.

రోల్‌కీ, తయారీలోనే ఉన్న పనికీ తేడా కూడా మరిచిపోకు. ఉన్నవాటిని వర్గాలుగా విడదీసే ఐఎస్ఓ ప్రమాణమైన బీఎఫ్ఓలో ఈ రెండూ వేరు. గుండె రక్తం తోడడం దాని ఫంక్షన్. కట్టుబడిలోనే ఉంది, పరిస్థితి మారితే పోయేది కాదు. రక్తం గొట్టంలోకి తీశాక ‘శాంపిల్’ అవడం రోల్. టెస్టుకు తీసిన రక్తం మిగిలితే రిసెర్చ్ శాంపిల్‌గా వాడాలంటారు మీవాళ్లు. గొట్టం అదే, రోల్ రెండోది, దానికి కన్సెంట్ వేరే. కన్సెంట్‌ని గొట్టానికి కట్టావంటే మొదటి సంతకమే రెండోదానికీ చెల్లుతున్నట్టు కనిపిస్తుంది.

ట్రయల్‌లో ప్రతి సంతకమూ మనిషి ఐడీకి కాక రోల్ ఐడీకి చూపాలి. ట్రయల్‌కు బాధ్యత వహించే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ ఎవరికి ఏ పని అప్పగించారో డెలిగేషన్ లాగ్‌లో తేదీలతో ఉంటుంది. 10న మొదలవ్వాల్సిన కోఆర్డినేటర్ 8న పెట్టిన సంతకం ఆడిట్‌లో దొరికిపోతుంది, అంతకన్నా ముందు నీ కన్‌స్ట్రెయింటే దాన్ని ఆపాలి. తీవ్రమైన దుష్ఫలితం జరిగితే ఇన్వెస్టిగేటర్ 24 గంటల్లో రిపోర్టు చేయాలని మన 2019 రూల్స్ చెబుతున్నాయి. ఆ క్షణాన ఆ రోల్‌లో ఎవరున్నారో సిస్టమ్ చెప్పగలగాలి. ‘ప్రస్తుత ఇన్వెస్టిగేటర్’ అని ట్రయల్ టేబుల్లో ఒక కాలమ్ పెడితే, మనిషి మారిన రోజే పాతది చెరిగిపోతుంది. స్పాన్సర్‌కు, అంటే ట్రయల్ చేయించే సంస్థకు, వెళ్లే ఫైల్లో సబ్జెక్ట్ రోల్ ఐడీ మాత్రమే పంపు. పార్టీ ఐడీ పంపితే, పేరు లేకపోయినా, రెండు ట్రయల్స్ ఫైళ్లను జతచేసి ఒకే మనిషని కనిపెట్టేస్తారు.

లాగిన్ పర్మిషన్లకు ఇదే టేబుల్ వాడేద్దామని ఎవరో అంటారు. వద్దు, రెంటికీ లింకు పెట్టుకో కానీ ఒకే టేబుల్ చేయకు. డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ అనే ఇద్దరు 1992లో రోల్ ఆధారిత యాక్సెస్ మోడల్ ఇచ్చారు, 2004లో అది అమెరికా ప్రమాణమైంది. అక్కడ రోల్ అంటే పర్మిషన్ల మూట. ‘విజయవాడ రాత్రి షిఫ్టు ల్యాబ్ టెక్నీషియన్’ అని రోల్ పెట్టడం మొదలుపెడితే ఆరు ఉద్యోగాలు, ఎనిమిది బ్రాంచీలు, మూడు షిఫ్టులకు 144 రోల్స్ అవుతాయి. ఉద్యోగమే రోల్‌గా ఉంచి బ్రాంచి, షిఫ్టులను షరతులుగా పెట్టు. పొసగని జంటలకు కూడా హద్దు ఎంతవరకో రాయి: ఏ సబ్జెక్ట్‌కు ఏ మందు పడుతోందో తెలిసిన ఫార్మసిస్టు అదే ట్రయల్‌లో అసెసర్‌గా (ఫలితాలు కొలిచేవాడిగా) ఉండకూడదు, వేరే ట్రయల్‌లో ఉండొచ్చు. ట్రయల్ ఐడీ లేకుండా ఈ నియమం రాస్తే మంచి ఫార్మసిస్టు ఎక్కడా పనికిరాకుండా పోతాడు, వాళ్లు విసిగి నియమాన్నే తీసేయిస్తారు.

చివరగా పాత డేటా ఎక్కించడం. పేరూ పుట్టినతేదీ కలిశాయని మనుషులను కలిపేయొద్దు. జనవరి 1, జూన్ 1 పుట్టినతేదీలు మన రికార్డుల్లో కుప్పలుగా ఉంటాయి, ఒకే ఫోన్ ఇంటిల్లిపాదికీ రాసి ఉంటుంది. పాత పేషెంట్ నంబర్లన్నీ రోల్ ఐడీలుగా అలాగే ఉంచు, వాటికి వెనక పార్టీని లింకు చేయి, ఆ లింకు ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా పెట్టారో రాసి ఉంచు. తప్పని తేలితే లింకు ఒక్కటే విడదీస్తే చాలు, ల్యాబ్ రిపోర్టులు కదలవు. రక్తదాతల టేబుల్‌తో మొదలుపెట్టు. అది చిన్నది, బ్లడ్ గ్రూప్ ఉంటుంది కాబట్టి తప్పు జతలు అక్కడ త్వరగా బయటపడతాయి. మార్చిన బొమ్మ పంపితే చూస్తాను.

మీ బాబాయి