మీ అమ్మానాన్నలను టీకి తీసుకువెళ్లే ముందు

చి. అమ్మలుకు,

అత్తయ్య ఆశీస్సులు. షష్టిపూర్తి ముగించుకుని మీ అమ్మానాన్నలు జూన్‌లో లండన్ వస్తున్నారని, వాళ్లను ఒకరోజు పెద్ద హోటల్లో ఆఫ్టర్‌నూన్ టీకి తీసుకువెళ్లాలని ఉందని రాశావు. చాలా మంచి ఆలోచన. రిట్జ్ మంచిదా, క్లారిడ్జెస్ మంచిదా అని అడిగావు. నన్నడిగితే ఆ రెండూ కాదు, వాళ్లిద్దరికీ తగినది ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం.

ఎక్కడికి వెళ్లినా బల్లమీదికి వచ్చేవి దాదాపు అవే. అంచులు తీసేసిన సన్నటి శాండ్‌విచ్‌లు, వేడి స్కోన్లు (గుండ్రటి చిన్న బన్నుల్లాంటివి), చిన్న చిన్న కేకులు, టీ. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియా, మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆకలికి ఆగలేక ఈ అలవాటు మొదలుపెట్టిందని చెబుతారు. అప్పటినుంచి ఈ వరుస పెద్దగా మారలేదు. కాబట్టి మెనూలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడం వల్ల నీకు ఒరిగేదేమీ లేదు. ఎంతసేపు కూర్చోనిస్తారు, కుర్చీ ఎలాంటిది, టీ ఎలా కాస్తారు, ఒకటి తిననివాళ్లకు ఇంకేం పెడతారు అన్నవి చూడు. తేడా అంతా అక్కడే ఉంది.

రిట్జ్ సంగతి ముందు చెబుతాను. 1906లో తెరిచిన హోటల్. పామ్ కోర్ట్ అనే ఆ గదిని ఒక్కసారైనా చూడవలసిందే. బంగారు పూత, నిలువెత్తు అద్దాలు, పెద్ద షాండ్లియర్లు, ఒక పక్క పియానో. కాని అక్కడ ఉదయం పదకొండున్నరకు మొదలుపెట్టి రాత్రి ఏడున్నర దాకా రెండేసి గంటలకొక విడత చొప్పున జనాన్ని కూర్చోబెడతారు. మన వెనక వచ్చేవాళ్ల కోసం బల్ల ఖాళీ కావాలి. మగవాళ్లకు కోటు, టై తప్పనిసరి. జీన్సు, ఆటల బూట్లు వేసుకుంటే లోపలికి రానివ్వరు. మీ నాన్నకు మెడ దగ్గర బిగుతుగా ఉంటే ఊపిరాడదు. నీ పెళ్లి రిసెప్షన్‌లో ఫొటోలు కాగానే టై ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. అలాంటి మనిషిని టైతో కూర్చోబెట్టి, నెమ్మదిగా తినే ఆయన అలవాటును గడియారానికి కట్టేయడం నాకు ఇష్టం లేదు. రిట్జ్ అంటే ఆయనకు నిజంగా సరదా ఉంటే మాత్రం తీసుకువెళ్లు, అప్పుడు టై కూడా సంతోషంగానే కట్టుకుంటాడు.

మర్యాదలో క్లారిడ్జెస్‌ను మించినది నాకు కనబడలేదు. ఆకుపచ్చ, తెలుపు చారల కప్పులు, ఆర్ట్ డెకో అనే పాతకాలపు అలంకరణ శైలిలో హాలు, గొంతు పెంచకుండా మాట్లాడే సిబ్బంది. మనం అడగకముందే వేడినీళ్లు వచ్చి చేరతాయి. ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఇది నువ్వూ అల్లుడుగారూ మీ పెళ్లిరోజుకు వెళ్లవలసిన చోటు.

సవాయ్‌లో గాజు గుమ్మటం కింద కూర్చోవడం బాగుంటుంది, చుట్టుపక్కల సందడి ఎక్కువ. 1865లో మొదలైన ల్యాంగమ్, హోటల్లో ఆఫ్టర్‌నూన్ టీ పెట్టింది తామేనని చెప్పుకుంటుంది. ఆ రెంటికీ మీవాళ్లను ప్రత్యేకంగా తీసుకువెళ్లవలసిన అవసరం నాకు కనిపించదు.

నాకు మనసుకు నచ్చింది బ్రౌన్స్. 1837 నాటిది, ఆల్బమార్ల్ వీధిలో ఉంది. చెక్క పలకల గోడలు, చలికాలంలో చలిమంట, పక్క బల్లవాళ్ల మాట మన చెవిన పడనంత నెమ్మది. మనసు విప్పి మాట్లాడుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. కాని అక్కడి సోఫాలు ఎత్తు తక్కువ. మీ అమ్మ మోకాళ్లు నీకు తెలియనివి కావు. కూర్చోవడం సులువే, లేవడానికి ఇద్దరు చెయ్యందించాలి. తన కోసం నలుగురూ చూడటం ఆమెకు అస్సలు నచ్చదు. హోటళ్ల లాంజుల్లో ఈ ఇబ్బంది సామాన్యం. అందుకే బుక్ చేసేటప్పుడు నిటారు కుర్చీ, భోజనాల ఎత్తు బల్ల కావాలని ఎక్కడైనా సరే అడుగు.

ఇక ఫోర్ట్‌నమ్. హోటల్ కాదు, 1707 నుంచి ఉన్న దుకాణం. టీ అమ్మడమే వాళ్ల వృత్తి కాబట్టి టీ విషయంలో మిగతావాళ్ల కంటే శ్రద్ధ ఎక్కువ. టీ సెలూన్ నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది. 2012లో ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి ప్రారంభించారు. మీ నాన్నకు షుగర్ కదా, ఇక్కడ తీపి కేకులకు బదులు ఉప్పు రుచులతోనే ఒక టీ ఉంటుంది. ఆయనకు అది చెప్పు. మిగతా చోట్ల కేకుల పళ్లెం వచ్చాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చోవాలి, లేదా మీ అమ్మ కళ్లు తప్పించి తినాలి. రెండూ మంచివి కావు. కాస్త ముందుగా వెళితే బయట గోడమీది గడియారంలో గంట గంటకూ ఇద్దరు దొరల బొమ్మలు బయటికి వచ్చి ఒకరికొకరు వంగి నమస్కరించడం చూడవచ్చు. దిగేటప్పుడు కింది అంతస్తులో మీ అమ్మ ఊళ్లో అందరికీ టీ డబ్బాలు కొంటుంది. ఆ అరగంట లెక్కలో వేసుకో. గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగితే లిఫ్టులో పైకి వచ్చి చదునైన పేవ్‌మెంటు మీద నడిచి వెళ్లిపోవచ్చు.

మీ అమ్మ తిండి విషయం అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది. ఇక్కడ శాకాహారం అంటే గుడ్డు అందులో ఉన్నట్టే లెక్క. శాండ్‌విచ్‌లలో గుడ్డు మయోనీస్, కేకుల్లో గుడ్డు, కొన్నిచోట్ల స్కోన్ల పైన నిగనిగలాడేదీ గుడ్డు సొనే. మూస్‌లాగా మెత్తగా కదిలే కేకుల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్ ఉండవచ్చు. అందుకని గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు అని రెండూ విడివిడిగా రాయాలి. ఇదంతా ఎందుకని పాలు, గుడ్లు కూడా లేని వీగన్ మెనూ అడిగితే క్లాటెడ్ క్రీమ్ పోతుంది, అది మాత్రం ఆమె తప్పకుండా తినాలి. పాలమీది క్రీమును సన్నని సెగన చాలాసేపు ఉంచి, కదపకుండా చల్లారనిస్తే పైన పసుపు పచ్చని పొర గట్టిగా కడుతుంది. ఆ పొరను చూడగానే మీ అమ్మమ్మగారింటి దాలిలో కాగిన పాల మీగడ ఆమెకు గుర్తుకొస్తుంది. స్కోనును చాకుతో కోయనక్కరలేదు, నడుమ పగులు దగ్గర చేత్తో విడదీస్తే రెండవుతుంది. క్రీము ముందా జాము ముందా అని ఇక్కడివాళ్లు వాదించుకుంటారు. డెవన్‌వాళ్లకు క్రీము ముందు, కార్న్‌వాల్‌వాళ్లకు జాము ముందు. ఆమెకు ఎలా తోస్తే అలా తిననివ్వు.

ఒకచోట నా స్నేహితురాలికి శాకాహారమని చెబితే చేప శాండ్‌విచ్ తీసేసి, ఆ స్థానంలో ఇంకో రెండు దోసకాయ ముక్కలు పెట్టి అదే ధర పుచ్చుకున్నారు. అది నాకు ఇప్పటికీ కోపమే. ఒకటి తీసేస్తే బదులుగా ఏం పెడతారని బుకింగ్ ముందే అడుగు. సూటిగా జవాబు చెప్పలేని చోటికి వెళ్లవద్దు.

టీ విషయానికొస్తే మీ నాన్నకు అస్సాం చెప్పు. పాలు పోసినా రుచి నిలబడేది అదే. అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది 1839 జనవరిలో అని ఆయనకు చెబితే కప్పు పట్టుకుని ఇంకో గంట మాట్లాడతాడు. డార్జిలింగ్‌లో పాలు పోయకూడదు, ఆ పరిమళం చచ్చిపోతుంది. లాప్‌సాంగ్ సూచాంగ్ అనే చైనా టీ జోలికి వెళ్లవద్దు, పొగ వాసన వాళ్లకు పడదు. ఇంకో చిన్న సంగతి. కొన్నిచోట్ల ఆకు కుండలోనే ఉంచి బల్లమీద పెట్టి వెళ్లిపోతారు. మొదటి కప్పు బాగుంటుంది, రెండో కప్పుకు కషాయమవుతుంది. మూడు నాలుగు నిమిషాలు కాగానే ఆకు తీసేయమని గాని, పక్కన వేడినీళ్ల కూజా పెట్టమని గాని చెప్పు. ఒక టీ తాగాక ఇంకో రకం అడగవచ్చు, సాధారణంగా దానికి వేరే డబ్బు తీసుకోరు. శాండ్‌విచ్‌లు అడిగితే మళ్లీ తెస్తారు. మిగిలిన కేకులు పెట్టెలో కట్టి ఇస్తారు. మీ అమ్మ మొహమాటపడి అడగదు, నువ్వే అడుగు.

ఖర్చు బాగానే అవుతుంది, పైన సర్వీస్ చార్జి. అంత వద్దనుకుంటే రిట్జ్ పక్కనే వోల్స్‌లీ ఉంది. 1921లో కార్ల షోరూముగా కట్టిన భవనం, ఎత్తైన కప్పు, తక్కువ ధర. టీ, స్కోన్లు మాత్రమే ఇచ్చే క్రీమ్ టీ అయితే ఇంకా చవక. అందులో చిన్నతనమేమీ లేదు. ఎక్కడికి వెళ్లినా ధర ముందుగా వాళ్లకు చెప్పకు, అడిగితే అబద్ధమూ ఆడకు. మీ అమ్మ ఎలాగూ రూపాయల్లోకి మార్చుకుంటుంది. ఆ లెక్క టీ తాగిన తర్వాత వేసుకుంటే చాలు.

వారాంతం కాకుండా మంగళవారమో బుధవారమో, మూడు గంటల ప్రాంతంలో బుక్ చెయ్యి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం పెట్టకు, ఉదయం పదింటికి ఇడ్లీ చాలు. గుడ్డు, జెలటిన్ సంగతి బుకింగ్‌లో రాసి, రెండు రోజుల ముందు ఫోను చేసి మళ్లీ చెప్పు. జూన్ తేదీలు త్వరగా నిండిపోతాయి, ఈ వారమే చూసుకో.

ఉంటాను,
మీ అత్తయ్య