కోరింగ మడ అడవికి పిల్లలతో ఏ టైముకి వెళ్తే బాగుంటుంది?

ఆదివారం పొద్దున్నే వెళ్దామనుకుంటున్నాం, చెక్క వంతెన మీద నడవడం తప్ప అక్కడ చూడ్డానికి ఏముంది అని అడిగారు కదండీ. మాది కాకినాడ. మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు తీసుకెళ్ళేది అక్కడికే. బయల్దేరే ముందు ఆ రోజు పాటు, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తీసే టైము, ఎన్నింటికో చూసుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

పోటు మీద, అంటే నీళ్ళు ఎక్కి ఉన్నప్పుడు వెళ్తే కింద నీళ్ళు, పైన ఆకులు, అంతే. పిల్లలు అరగంటలో ఫోన్ అడుగుతారు. పాటు తీశాక బురద బయటపడుతుంది. మడ చెట్ల చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలాడదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. వంతెన మీద ఒకచోట కదలకుండా కాసేపు నిలబడండి. అలికిడి ఆగితే బొరియల్లోంచి చిన్న చిన్న పీతలు వస్తాయి. మగదానికి ఒక డెక్క మాత్రం ఒంటంత ఉంటుంది, దాన్ని ఎత్తి ఎత్తి ఊపుతుంది. కళ్ళు నెత్తిమీదున్న చేపలు బురదలో గెంతుకుంటూ వచ్చి వేర్ల మీదికి ఎక్కుతాయి. మా మేనకోడలు అవి చూశాక ఇంటికి రానంది.

తెల్లమడ ఆకుని వేలితో రాస్తే సన్నటి ఉప్పు తగులుతుంది. లోపలికి చేరిన ఉప్పుని చెట్టు అలా ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. అయితే ఏది ఏ చెట్టో అక్కడి స్టాఫ్‌ని అడక్కుండా పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. తిల్ల చెట్లు కూడా అక్కడే ఉంటాయి. వాటి ఆకు తుంపితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చాలా ప్రమాదం.

నీళ్ళలో చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు అక్కడ ఉన్నమాట నిజమే కానీ, అవి ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాయి. పైగా 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. వంతెన మీంచి మనకి కనపడేది ఓ మూల. కాబట్టి పిల్లలకి ముందే ఆశ పెట్టకండి.

ఫోన్‌లో కాకినాడ టైడ్ టైమింగ్స్ అని కొడితే వచ్చేస్తాయి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి. ఈ ఆదివారం పొద్దున 8కి పాటైతే, వచ్చే ఆదివారం ఆ టైముకి దాదాపు పోటే. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు ఇంకా బాగా లాగుతుంది. బోటు కూడా ఎక్కాలనుకుంటే ముందు నడక కానిచ్చి, నీళ్ళు ఎక్కడం మొదలయ్యాక బోటు దగ్గరికి వెళ్ళండి.