నాటకం ఆదివారం, కబురు సోమవారం

టెక్ సందేహాలు

ఫోన్ వేడెక్కుతోంది, ఛార్జింగ్ నిలవడం లేదు అన్న ఉత్తరాలు ఈ వారం పక్కన పెట్టాను. నాటక సమాజాల వాళ్ల దగ్గర్నుంచి ఒకే బాధ నాలుగు రకాలుగా వచ్చింది. తెర లేచింది, మైకు పలికింది, కుర్చీలు మాత్రం ఖాళీ. ఇందులో నాకూ కొంచెం స్వార్థం ఉంది. గోదావరి జిల్లాల్లో పుట్టి, హార్మోనియం వినపడితే కాళ్లు అటే లాగే మనిషిని నేను.

*మాది పాలకొల్లు దగ్గర ఒక నాటక సమాజం. మొన్న రెండు రాత్రులు నాటికలు వేయించాం. 250 మందితో వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసి కబురు పంపాను. అదిగాక 40 గ్రూపుల్లో పెట్టాను. వచ్చింది మాత్రం నటుల చుట్టాలు, పోటీకొచ్చిన పక్క సమాజాల వాళ్లు. మర్నాడు బజార్లో కనబడ్డవాళ్లంతా "అయ్యో, చెప్పలేదేమండీ?" అంటున్నారు. లోపం ఎక్కడ?*

ముందు మీ లిస్టు సంగతి చూద్దాం. బ్రాడ్‌కాస్ట్ మెసేజి, మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. వాళ్ల నంబర్లు మీ దగ్గరుంటే చాలదు. ఈ ముక్క తెలియక చాలామంది కార్యదర్శులు గాలికి ఉత్తరాలు రాస్తున్నారు. అనుమానం ఉంటే మీరు పంపిన మెసేజి మీద నొక్కిపట్టి 'ఇన్ఫో' తెరవండి, ఎవరెవరికి చేరిందో పేర్లతో కనిపిస్తుంది. 250లో 70 పేర్లు కనబడితే ఆశ్చర్యపోకండి. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు కూడా. ఈసారి ప్రదర్శన రోజున గేటు దగ్గర ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వచ్చినవాళ్ల ఫోన్లో సమాజం నంబరు అక్కడికక్కడే సేవ్ చేయించండి. వచ్చే ఏడాది ప్రచారం ఆ గేటు దగ్గరే మొదలవుతుంది.

ఇక గ్రూపులు. వాట్సాప్‌లో ఒక మెసేజిని ఒకేసారి 5 చాట్‌లకే ఫార్వర్డ్ చేయగలం. అప్పటికే ఫార్వర్డ్ అయి వచ్చిందైతే అందులో ఒక్క గ్రూపుకే చోటు. చేతులు మారీ మారీ 'అనేకసార్లు ఫార్వర్డ్ చేశారు' అన్న ముద్ర పడితే ఇక ఒక్కో చాట్‌కే పంపాలి. పుకార్లకు కళ్లెం వేయడానికి 2018 నుంచి ఒక్కొక్కటిగా పెట్టిన పద్ధతులివి. మీ ఆహ్వానం పుకారు కాకపోయినా కళ్లెం ఒకటే. అందుకని మీ కార్యవర్గంలో పదిమందికి విషయం ఇచ్చి, ఎవరి గ్రూపుల్లో వాళ్లను కాపీ చేసి పేస్టు చేయమనండి. ఫార్వర్డ్ ముద్ర ఉండదు. ఫలానా సుబ్బారావుగారు స్వయంగా పిలిచినట్టు ఉంటుంది. దాన్ని జనం చదువుతారు.

అసలు చిక్కు మీరు పంపిన మెసేజిలోనే ఉంది. మీరు జతచేశారు కాబట్టి చూశాను. "రేపు సాయంత్రం మన ఊరి హైస్కూలు గ్రౌండులో" అని ఉంది. ఏ రేపు? ఏ ఊరు? ఆ ముక్క మూడు రోజులు తిరుగుతుంది. చూసిన ప్రతివాడికీ నాటకం రేపే. నేనూ ఒకసారి ఇలాంటి 'రేపు'ను నమ్మి, పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని పదిహేను కిలోమీటర్లు వెళ్లాను. అక్కడ టెంటు విప్పుతున్నారు. "నిన్న బాగా జరిగిందండి, ఆయ్" అన్నాడు కర్రలు మోసే అబ్బాయి. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తి నవ్వుతుంది.

కాబట్టి ఇలా రాయండి: "22 ఫిబ్రవరి 2026, ఆదివారం. సాయంత్రం 6:30కి మొదలు, రాత్రి 9:30కి ముగింపు. ఊరు, మండలం, గ్రౌండు పేరు. రెండు నాటికలు. ప్రవేశం ఉచితం. వివరాలకు ఫలానా నంబరు." తేదీతోపాటు వారం ఉంటే, ఒకటి తప్పుపడినా రెండోది పట్టిస్తుంది. ఈ వాక్యాలన్నీ పోస్టరు బొమ్మలో ఉన్నా సరే, బొమ్మ కింద అక్షరాల్లో మళ్లీ రాయాలి. వాట్సాప్‌లో 'నాటిక' అని వెతికితే అక్షరాలే దొరుకుతాయి, బొమ్మలోవి దొరకవు. చూపు తగ్గిన పెద్దలకు ఫోను చదివి వినిపించేదీ ఆ అక్షరాలనే.

2023 నుంచి మన దగ్గర వాట్సాప్ ఛానెళ్లు ఉన్నాయి, పెట్టుకోవచ్చు. అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు, అది మంచిదే. కానీ ఛానెల్ తెరిచి చూసే అలవాటు మన పెద్దవాళ్లకు తక్కువ. నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. ఫేస్‌బుక్‌లో 'ఈవెంట్' పెట్టేటప్పుడు మాత్రం మొదటే 'పబ్లిక్' ఎంచుకోండి. ప్రైవేటుగా పెట్టాక మార్చడానికి ఉండదు, మళ్లీ కొత్తగా చేసుకోవాల్సిందే.

*డీటీపీ సెంటర్లో పోస్టరు చేయించాం. అందులోని తెలుగును కాపీ చేసి ఫోన్లో పెడితే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి పిచ్చి రాత వచ్చింది. మా అబ్బాయి ఫోటోషాప్‌లో చేస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన కూర్చున్నాయి. ఏం చేయాలి? (తణుకు)*

మీ డీటీపీ ఆయన వాడింది 'అను' అనే రకం ఫాంటు అయ్యుంటుంది. అది అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు. లోపల ఇంగ్లిషు అక్షరాలే ఉంటాయి, పైన తెలుగు వేషం వేసుకుంటాయి. ఆ ఫాంటు లేని చోట వేషం ఊడుతుంది. అచ్చుకు ఫర్వాలేదు, ఫోనుకు పనికిరాదు. ఆహ్వానం మాటల్ని ఫోన్లోనే తెలుగు కీబోర్డుతో విడిగా టైపు చేసుకోండి. పోస్టరుకు రామభద్ర, మండలి, సురన్న, తిమ్మన, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పౌరాణికానికి ఒకటి, సాంఘికానికి ఒకటి ఎంచుకోవచ్చు. ఒత్తులు విడిపోవడం ఫోటోషాప్ సెట్టింగ్ తప్పు. పాత ఫోటోషాప్ అయితే టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా భాషలకు సంబంధించిన టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, కొత్త ఫైలు తెరవమనండి.

ఇంకొక్క మాట. మీ పోస్టరులో పైన ఆరుగురు, కింద ఎనిమిదిమంది పెద్దల ఫోటోలున్నాయి. నాటిక పేరు వెతకడానికి నాకు కాసేపు పట్టింది. దాతల్ని కాదనలేరు, తెలుసు. వాళ్లకోసం వేరే ఫ్లెక్సీ కట్టించి, ఫోనుకు పంపే బొమ్మలో మాత్రం నాటిక పేరు, రోజు, చోటు మాత్రమే ఉంచండి. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

*సఖినేటిపల్లి వైపు మా ప్రదర్శన. నరసాపురం నుంచి జనం రావాలని ఆశ. లొకేషన్ పంపితే ఒకాయన వేరే రోడ్డులో తిరిగి తిరిగి నాటకం అయ్యాక చేరాడు. గూగుల్ మ్యాప్స్ తప్పు చూపిస్తుందా?*

ఈ ప్రశ్నకు నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తప్పు మ్యాప్స్‌ది పూర్తిగా కాదు, గోదావరిది. మధ్యలో దాని పాయ వశిష్ఠ. నరసాపురం రేవులో నిలబడితే సఖినేటిపల్లి కళ్లెదుటే ఉంటుంది, పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కితే దాటేస్తాం. అదే రోడ్డు మీద అయితే పాలకొల్లు వైపు వచ్చి, చించినాడ వంతెన దాటి, దిండి మీదుగా చుట్టు తిరగాలి. మ్యాప్స్ కారుకు రోడ్డు చూపిస్తుంది. ఇవాళ పంటు నడుస్తోందా, నీళ్లెలా ఉన్నాయి అన్నది దానికి పట్టదు.

అందుకే లంక ఊళ్లలో, ఏటి ఒడ్డు ఊళ్లలో ప్రదర్శన పెట్టేవాళ్లు ఒక్క లింకు పంపి చేతులు దులుపుకోకూడదు. రెండు దారులూ మాటల్లో రాయండి. "నరసాపురం వైపు నుంచి వచ్చేవారు పంటు మీద. కారులో వచ్చేవారు చించినాడ వంతెన మీదుగా." అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు ఆఖరి పంటు ఎన్ని గంటలకో రేవులో అడిగి ఆహ్వానంలోనే వేయండి. నాటకం ముగిసే వేళ రాయమని ఇందాక ఊరికే అనలేదు. "ఎలాగో వెళ్తాం, తిరిగి ఎలా వస్తాం?" అన్న టెన్షన్‌తోనే సగంమంది ఇంట్లో ఆగిపోతారు. ఆఖరి పంటు ముందుగా ఉంటే మీ ప్రదర్శనే ముందుకు జరుపుకోండి, పంటు జరగదు.

లొకేషన్ పెట్టే పద్ధతీ ఉంది. చాలామంది ఇంట్లో కూర్చుని 'కరెంట్ లొకేషన్' నొక్కేస్తారు. జనం వాళ్లింటికి వస్తారు. గ్రౌండుకు వెళ్లి, జనం లోపలికి వచ్చే గేటు దగ్గర నిలబడి, మ్యాప్స్‌లో ఆ చోట వేలుతో నొక్కిపడితే ఎర్ర పిన్ను పడుతుంది. దాన్ని షేర్ చేయండి. అక్కడే ప్లస్ కోడ్ అని కొన్ని అక్షరాలు, అంకెలు, మధ్యలో కూడిక గుర్తు, పక్కన ఊరి పేరు కనిపిస్తాయి. వీధి పేరు, ఇంటి నంబరు లేని చోటికి అదే చిరునామా. కరపత్రంలో అచ్చు వేయొచ్చు, ఫోన్లో చదివి చెప్పొచ్చు. దానికి తోడు మనవాళ్ల చిరునామా ఎలాగూ ఉంటుంది: "రావిచెట్టు దాటాక, కాలవ వంతెనకి ఎడమ పక్క." అదీ రాయండి. నాకైతే అదే తొందరగా అర్థమవుతుంది.

*2,000 కరపత్రాల మీద క్యూఆర్ కోడ్ వేయించాం. రెండు వారాలు పనిచేసి ఆగిపోయింది. స్కాన్ చేస్తే డబ్బు కట్టమంటోంది. (అమలాపురం)*

మీరు ఏదో సైటులో 'డైనమిక్' కోడ్ చేయించుకున్నారు. అది ముందు ఆ సైటుకు వెళ్లి, అక్కడి నుంచి మీ లింకుకు వెళ్తుంది. ఉచిత గడువు అయ్యాక వాడు తలుపేశాడు. మామూలు 'స్టాటిక్' కోడ్‌లో లింకే గీతలుగా ఉంటుంది, దానికి గడువు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ తెరిచి మీ పేజీకి వెళ్లి, 'షేర్' నొక్కితే క్యూఆర్ కోడ్ అక్కడే వస్తుంది, పైసా ఖర్చు లేదు. అచ్చుకు ఇచ్చే ముందు మీ ఫోనుతో కాకుండా పక్కింటి వాళ్ల ఫోనుతో స్కాన్ చేసి చూడండి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన బొమ్మ మీకు తెరుచుకుంటుంది, ఊరికి తెరుచుకోదు. అనుమతి మార్చాలి. పోయిన కరపత్రాల మీద ఇక చేసేదేం లేదు, ఫోన్ నంబరు స్టిక్కరు అంటించి పంచేయండి.

*కాకినాడలో మా నాటకాన్ని యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలనుకుంటున్నాం. సాయంత్రం మొదలుపెట్టబోతే కుదరలేదు.*

ఛానెల్లో లైవ్ మొదటిసారి తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోను నుంచి ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. తెర లేచే ముందు చూసుకునే పని కాదు.

కానీ లైవ్ ఎందుకు అని అడుగుతాను. ఊళ్లోవాళ్లు ఇంట్లో మంచం మీద పడుకుని చూస్తే మీ కుర్చీల మాటేమిటి? పైగా హక్కుల సంగతి ఉంది. టికెట్టు లేకుండా ఔత్సాహిక సమాజాలు ప్రదర్శించే నాటకానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అది ఆ వేదిక మీద ఆటకు. రికార్డు చేసి లోకమంతటికీ పంచడం వేరే విషయం. రచయిత దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మధ్యలో సినిమా పాట వేస్తే యూట్యూబ్ దాన్ని తనంతట తానే పట్టేస్తుంది.

దాని బదులు రిహార్సల్స్ నుంచి 30 సెకన్ల ముక్క, ఫోను నిలువుగా పట్టుకుని తీయండి. ఒక్క పద్యం రాగం, లేదా నవ్వు పుట్టే రెండు డైలాగులు చాలు. స్టేజి లైట్లకు ముఖాలు తెల్లగా పేలిపోతాయి. నటుడి ముఖం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుగును కిందికి జరపండి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, అదే తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజుల్లో వదిలితే పంచుకునేవాళ్లు ఎక్కువ ఉంటారు. ప్రదర్శన మాత్రం దాళ్వా (రెండో పంట) వరి కోతల్లో పెట్టకండి, ఏ యాప్ వచ్చినా జనాన్ని చేలోంచి లాగలేదు.

*మీ నాటకానికి స్పాన్సర్ చేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి, 25,000 పడతాయి అని ఫోన్ వచ్చింది. నమ్మొచ్చా?*

వద్దు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదు, ఇవ్వడానికే కావాలి. కరపత్రం మీది నంబరు అందరి కంటా పడుతుంది, ఇలాంటి ఫోన్లు వస్తాయి. ఒకవేళ పిన్ను కొట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

*నాకు 74 ఏళ్లు. బటన్ ఫోను. రాజమండ్రిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు ఏ నాటకమూ వదల్లేదు. ఇప్పుడు అన్నీ మా మనవడి ఫోనుకు వస్తున్నాయట, వాడు చెప్పడు. నాకు కబురెలా?*

అయ్యా, ఈ ప్రశ్న సమాజాల వాళ్లకు వేయాల్సింది. వాళ్ల తరఫున కొంత చెబుతాను. ఒకేసారి వేలమందికి ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో పేరు, మెసేజి నమూనా నమోదు చేయించాలి. చిన్న సమాజానికి అది తలకు మించిన పని. ఆటోకు మైకు కట్టించి తిప్పడానికి పోలీసుల అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 దాటాక ఎలాగూ కుదరదు. కానీ మీలాంటి ముప్పైమంది పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ముందు రోజు ఒకరు కూర్చుని ఫోన్లు చేయడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. గంట పని. ముందు వరస కుర్చీలు నిండుతాయి, పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాళ్లూ దొరుకుతారు.

మీరు ఈసారి ఏ ప్రదర్శనకు వెళ్లినా, కార్యదర్శిని పట్టుకుని ఆ పుస్తకంలో మీ పేరు రాయించండి. ఆయన నంబరు మీ బటన్ ఫోన్లోనే సేవ్ చేయించుకోండి, మీ మనవడి ఫోన్లో వద్దు.