అడుగుల్లో నీళ్లు, అడుగంటిన నీళ్లు

సందేహం: ‘సాగర్ నీటిమట్టం 510 అడుగులకు పడిపోయింది, జలాశయం అడుగంటింది’ అని పేపర్లో చదివాను. 510 అడుగుల నీళ్లుంటే అడుగంటడం ఏమిటి? ఆ అడుగూ ఈ అడుగూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, హాలియా

సమాధానం: ఒకటే మాట. ‘అడుగు’ అంటే మొదట పాదం. తమిళ, కన్నడాల్లోని ‘అడి’ దీని తోబుట్టువే. ఒంటికి అన్నిటికన్నా కింద ఉండేది పాదం కాబట్టి కుండకైనా చెరువుకైనా కింది భాగం అడుగు అయింది. పాదం తీసి పాదం వేస్తే అదీ అడుగే. వామనుడు బలిని అడిగిన మూడడుగులు అవే. అక్కడ పాదమే కొలబద్ద. ఇప్పటి అడుగుకు ఎవరి పాదంతోనూ పనిలేదు, 12 అంగుళాలు, అంతే. (‘అడిగిన’లో ఉన్నది మాత్రం వేరే మాట. అది క్రియ, అడిగాను, అడగలేదు అని మారుతుంది.)

ఇక ‘అడుగంటు’. అడుగు, అంటు కలిసిన మాట. పొయ్యి మీద అన్నం మరిచిపోతే మెతుకులు గిన్నె అడుగుకు అంటుకుంటాయి. నీళ్లు పోసి నానబెట్టి, గరిటెతో గీకితే గానీ ఊడిరావు. చెరువు నీళ్లు తగ్గి తగ్గి అడుగును తాకినా అడుగంటడమే. అన్నం అక్కడ కరుచుకుంటుంది, నీళ్లు అక్కడికి దిగిపోతాయి.

మీ అసలు చిక్కు అంకెలో ఉంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు అంటే సముద్రమట్టం నుంచి లెక్క, నీటి లోతు కాదు. పునాది నుంచి కొలిచినా ఆనకట్ట ఎత్తు అంత ఉండదు. కాలువలకు నీళ్లివ్వడానికి 510 అడుగులు కనీస మట్టం. దాని కింద కూడా నీళ్లు బాగానే ఉంటాయి. కాబట్టి 510 దగ్గర ‘అడుగంటింది’ అనడం నా దృష్టిలో తొందరపాటే. ‘కనీస మట్టానికి చేరింది’ అని రాస్తే ఆయకట్టు రైతుకు ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది. నాట్లు వేయాలా వద్దా అని టెన్షన్‌తో ఆ వార్త చదివేది అతనే.

మన నల్లగొండలో బోరు లోతు చెప్పేటప్పుడు అడుగులు అనం. ‘ఆరొందల ఫీట్లు ఏసినా సుక్క పడలే’ అంటాం. ఇంగ్లీషులో ‘ఫీట్’ బహువచనమే అయినా మన నోట్లో పడ్డాక దానికీ ‘లు’ చేరింది. అందులో తప్పేమీ లేదు. రాతలో మాత్రం ‘ఆరడుగుల మనిషి’ అన్నంత సొంపు ‘ఆరు ఫీట్ల మనిషి’కి రాదు.