బొంత అడుగున మింకీ గుడ్డ వేయొచ్చు, కానీ లాగి పరచకండి

పాత నూలు చీరలతో బొంత కుడుతున్నాను, అడుగున మెత్తటి మింకీ గుడ్డ వేయొచ్చా, మిషన్ మీద జారిపోతోంది అని అడిగారు. వేయొచ్చండి, చాలా హాయిగా ఉంటుంది. మాది కావలి. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి చీరలతో నేను ఇలాంటివి మూడు కుట్టాను. మొదటిది పాడైంది, అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

అమ్మ బొంత పరిచేటప్పుడు చీరని బిగదీసి నాలుగు మూలలా ఇత్తడి బిందెలు పెట్టేది. నూలుకి అది సరైన పద్ధతే. నేను మింకీని కూడా అలాగే బిగదీశాను. మింకీ నేసిన గుడ్డ కాదు, బనియన్ గుడ్డలా అల్లిన పాలిస్టర్, మీద మెత్తటి నూగు ఉంటుంది. పొడవుకి పెద్దగా సాగదు, అడ్డానికి బాగా సాగుతుంది. కుట్టడం అయ్యి బరువులు తీయగానే అది మళ్లీ తన కొలతకి ముడుచుకుంది. పైనున్న చీరంతా ముడతలు. రెండు రాత్రులు కూర్చుని కుట్లు విప్పాను, విప్పిన చోటల్లా నూగు ఊడి ఒళ్లో రాలింది.

కాబట్టి మింకీని నేల మీద ముడత లేకుండా ఊరికే పరిచి వదిలేయండి, లాగొద్దు. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉంచండి. చేత్తో నిమిరితే నూగు ఒకవైపు పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలు అతకాల్సి వస్తే అన్నిట్లోనూ నూగు ఒకే వైపు, కాళ్ల దిక్కుకి పడుకునేలా చూసుకోండి. కత్తిరించడం డాబా మీద పెట్టుకోండి, ఇంట్లో అయితే రాలిన నూగు అన్నంలోకి కూడా వస్తుంది.

అరిగిన చీర ఒక్క పొర ఆగదు, రెండు పొరలు వేయండి. చీరలు ఇప్పటికే ఎన్నో ఉతుకులు చూశాయి కాబట్టి ఇంక కుదించుకోవు. అంచుకి కొత్త నూలు గుడ్డ వేస్తే మాత్రం ముందు నానేసి ఆరేయండి, ఎందుకంటే మింకీ కుదించుకోదు, నూలు కుదించుకుంటుంది. మధ్యలో దూది అక్కర్లేదు. మన ఎండలకి ఆ బరువు ఎవరు మోస్తారు?

జారడానికి మందు ఓపికే. నాలుగంగుళాలకో గుండుసూది పెట్టి, ఆ మీద చేత్తో కచ్చా కుట్టు వేసి, అప్పుడు మిషన్ ఎక్కించండి. బనియన్ గుడ్డలకి వాడే మొన గుండ్రటి సూది, 14 నంబరు, తీసుకోండి. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెట్టండి, చిన్న కుట్టు నూగులో కూరుకుపోతుంది. పై పొరని, కింది పొరని కలిపి నడిపించే వాకింగ్ ఫుట్ మీ మిషన్‌కి దొరికితే సగం బెంగ పోతుంది. లేకపోతే గుడ్డని నొక్కి పట్టే ఫుట్ ఒత్తిడి కాస్త వదులు చేయండి. మధ్యలో మొదలుపెట్టి అంచులకి రండి. వరసలు మరీ దగ్గరగా వేస్తే మెత్తదనం చచ్చిపోతుంది. నా మూడో బొంత మాత్రం మొత్తం చేత్తోనే కుట్టాను. నాకు అదే ఎక్కువ నచ్చింది, ముడి కూడా నూగులో దాగిపోతుంది.

ఇస్త్రీ చేయాలంటే చీరలకి ముందే చేసేయండి. కలిపాక వేడి పెట్టె తగిలితే నూగు కరిగి గట్టిపడుతుంది, అది ఇక బాగుపడదు. ఉతకడం చన్నీళ్లలో, మెత్తదనం కోసం అమ్మే లిక్విడ్లు వేయకండి, నూగుకి పొరలా పట్టేస్తాయి.

పాలిస్టర్ చెమట పీల్చదు. రోహిణి కార్తెలో ఇది అల్మారాలోనే ఉండాలి. సంక్రాంతి చలికి, ఏసీ గదికి బాగుంటుంది. పసిబిడ్డ కోసమైతే ఏడాది నిండేదాకా నిద్రలో మీద కప్పకండి, మొహం మీదకి వస్తే ఊపిరాడదు. మా మనవరాలికి మెలకువగా ఉన్నప్పుడు కింద పరుస్తాం, బోర్లాపడి ఆ నూగుని పిడికిలితో పట్టుకుంటుంది.

మీది కాలితో తొక్కే మిషనా, మోటారుదా చెప్పండి, ఒత్తిడి ఎలా తగ్గించాలో రాస్తాను.