ఇద్దరికీ ఒకే జబ్బు పేరు చెప్పారు, స్కానింగ్ రిపోర్టులు వేరుగా ఉన్నాయేంటి?

మీ నాన్నగారికి ఎడమ టెంపోరల్ లోబ్ (కణత వైపు మెదడు భాగం) తగ్గిందని, పక్కింటాయనకి నుదుటి వైపు తగ్గిందని, ఇద్దరికీ ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే చెప్పారని రాశారు. అంటే నుదుటి వైపు, కణతల వైపు మెదడు కుంచించుకుపోయే జబ్బు. రెండు రిపోర్టులూ సరైనవే అయ్యుండొచ్చండి. ఈ జబ్బు మెదడులో ఎక్కడ మొదలైతే, ఆ చోటు చేసే పనే ముందు పోతుంది.

మాది విజయనగరం. మా అమ్మది మీ నాన్నగారి రకమే. ఓరోజు కత్తిపీట ముందు కూర్చుంటే "ఆ ఆనపకాయ తరిగేయమ్మా" అన్నాను. చేతిలో ఆనపకాయ పెట్టుకునే "ఆనపకాయంటే ఏంటి?" అంది. నోటికి పేరు రాకపోవడం కాదది, ఆ మాటకి అర్థమే పోయింది. అదే మనిషి ముందురోజు రైతు బజారులో ఎవరు కనపడ్డారో, చిల్లర ఎంత తక్కువిచ్చారో పొల్లుపోకుండా చెప్పేది, అందుకే మాకు చాలాకాలం అనుమానమే రాలేదు. విశాఖలో డాక్టరుగారు ఫిల్మ్ లైటు ముందు పెట్టి, ఎడమ కణత లోపల నల్లగా ఉన్న చోటు చూపించారు. కణాలు చచ్చిపోయి మెదడు కుంచించుకుపోతే మిగిలిన జాగాలో నీరు చేరుతుందట, ఆ నలుపు అదే.

అక్కడే ఆమదాలవలస నుంచి వచ్చిన ఒకాయన పక్కవాళ్ల సంచిలోంచి బిస్కెట్లు తీసుకుని తినేస్తున్నారు, భార్య ఏడుస్తున్నా ఆయనకి పట్టలేదు. ఆయనకి పోయింది ఫ్రంటల్ లోబ్, అంటే నుదుటి వెనక భాగం. పాపం ఆవిడ అందరికీ సారీ చెబుతూనే ఉంది. ఇంకో రకంలో ఎడమ ఫ్రంటల్ లోబ్ కింది భాగం దెబ్బతిని, మాట తడబడి, వాక్యం ముక్కలైపోతుంది.

మైక్రోస్కోపు కింద చూస్తే కణాల్లో పేరుకుపోయే ప్రొటీన్ కూడా అందరిలో ఒకటి కాదు. అమ్మ రకంలో ఎక్కువగా టీడీపీ-43 అనే ప్రొటీన్, మాట తడబడే రకంలో ఎక్కువగా టౌ అనేది, ప్రవర్తన మారే రకంలో రెండిట్లో ఏదైనా ఉండొచ్చు. 1911లో జర్మన్ డాక్టరు అల్జీమర్ ఈ జబ్బున్నవాళ్ల మెదడు కణాల్లో చూసిన గుండ్రటి 'పిక్ బాడీలు' టౌ ముద్దలే. టీడీపీ-43 సంగతి 2006లో గానీ తేలలేదు. మామూలు ఎమ్మారైలో ప్రొటీన్ కనపడదు, తగ్గిన చోటే కనపడుతుంది, కాబట్టి రిపోర్టులో అది లేదని టెన్షన్ పడకండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి. అల్జీమర్స్‌కిచ్చే డోనెపెజిల్ అనే మందు రాశారా? ఈ జబ్బుకి అది పనిచేయదు, కొందరిలో చిరాకు, గొడవ పెంచుతుంది. మా అమ్మకి మొదట చూపించిన చోట అదే ఇచ్చారు, మూడు నెలలు ఇల్లంతా నలిగిపోయాం. మీ అంతట మీరు ఆపేయకండి, న్యూరాలజిస్టుకి చూపించి నిర్ణయించుకోండి, వెళ్లేటప్పుడు కాగితంతో పాటు స్కానింగ్ సీడీ కూడా పట్టుకెళ్లండి.