పీల్చుకుంటుందా, పట్టి ఉంచుతుందా?

సందేహం: ‘కాంతికి స్పందించే సచ్ఛిద్ర (సన్నని రంధ్రాలున్న) పదార్థం కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది’ అని ఒక పత్రికలో చదివాను. మా అబ్బాయి ఇంటర్ పుస్తకంలో ఇలాంటిదాన్నే ‘అధిశోషణం’ అన్నారు. శోషణం, అధిశోషణం ఒకటేనా? ‘పీల్చుకొను’ అనడం తప్పా?

సమాధానం: ఒకటి కాదు. ‘శుష్’ ధాతువుకు ఎండడం అని అర్థం. ‘శోష వచ్చి పడిపోయాడు’ అనడంలో ఉన్నదీ అదే. లోపలికంటా లాక్కుంటే శోషణం. ‘అధి’ అంటే పైన; ఉపరితలం మీదే నిలుపుకుంటే అధిశోషణం. సుద్దముక్కను సిరాలో ముంచి విరిచి చూడండి. నీరు లోపలికి ఇంకుతుంది, రంగు మాత్రం పైనే ఆగుతుంది, విరిచినచోట తెలుపే కనిపిస్తుంది. మొదటిది శోషణం, రెండోది అధిశోషణం.

మరి వాయువు రంధ్రాల లోపలికి వెళుతోంది కదా అంటారేమో. వెళ్లినా అది అంటుకునేది రంధ్రాల గోడలకే. 2025లో కితగావా, రాబ్సన్, యాగీలకు రసాయన నోబెల్ తెచ్చిన లోహ-సేంద్రియ చట్రాలు (లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి కట్టినవి) ఇలాంటి సచ్ఛిద్ర పదార్థాలే; వాటిలో కొన్నింటికి, ఒక్క గ్రాములోని గోడలన్నీ పరిస్తే ఎకరం దాటుతుంది! 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు అలాంటి చట్రంలో అజోబెంజీన్ అనే అణువులను కడ్డీల్లా అమర్చారు. అతినీలలోహిత కాంతి పడితే అవి వంగి కదులుతాయి, పట్టు సడలి వాయువు బయటికి వస్తుంది. దీన్ని విశోషణం అంటారు.

పీల్చుకున్నది ఒంట్లో కలిసిపోయినట్టు ధ్వనిస్తుంది. ఇక్కడ కలవదు, కలవదు కాబట్టే కాంతికి అంత సులువుగా వదులుతుంది. అందుకని వార్తలో ‘పీల్చుకొను’ నాకు నచ్చదు. తప్పని కొట్టివేయను గానీ, పాఠకుడికి స్పాంజి గుర్తొస్తుంది. చిమ్నీకి మసి పట్టింది అంటాం, అద్దానికి ఆవిరి పట్టింది అంటాం. ఆ ‘పట్టు’ ఉండగా వేరే మాట ఎందుకు? ‘వాయువును గోడలకు పట్టి ఉంచుతుంది, కాంతి పడితే వదులుతుంది’ అంటే సరిపోతుంది. ‘పట్టించుకుంటుంది’ అని మాత్రం రాయకండి, అర్థం మరోదారి పడుతుంది.

అన్నట్టు, మీ ఉత్తరంలో ‘సఛిద్ర’ అని ఉంది, పైన దిద్దాను. హ్రస్వం మీద ‘ఛ’ వస్తే ముందు ‘చ్’ చేరుతుంది: విచ్ఛిన్నం, పరిచ్ఛేదం, సచ్ఛిద్రం.